కర్త లేని వాక్యాలు

ఏటా నవంబరు 25 వచ్చేసరికి కాలేజీల్లో, కలెక్టరాఫీసుల ముందు, బస్టాండు గోడల మీద కొత్త ఫ్లెక్సీలు వెలుస్తాయి. డొమినికన్ రిపబ్లిక్‌లో నియంతను ఎదిరించిన మిరాబల్ అక్కచెల్లెళ్ళు ముగ్గురిని 1960లో చంపేసింది ఆ రోజునే. ఆ రోజు మొదలుకొని మానవ హక్కుల దినం డిసెంబరు 10 వరకు పదహారు రోజులపాటు స్త్రీల మీద హింసకు వ్యతిరేకంగా ప్రచారం చేయడం 1991 నుంచి వస్తోంది. ఆ పదహారు రోజులూ మన దగ్గర ర్యాలీలు, ప్రతిజ్ఞలు, వ్యాసరచన పోటీలు, నినాదాల పోటీలు జరుగుతాయి. తెలుగులో డాక్టరేటు చేసిందాన్ని కాబట్టి నినాదాల పోటీకి న్యాయనిర్ణేతగా నన్ను పిలుస్తూ ఉంటారు. అలా కొన్నేళ్ళుగా వందల నినాదాలు చదివాను. కథనీ కవితనీ ఎలా చదువుతామో అలాగే వీటినీ ఎందుకు చదవకూడదు అనిపించింది. ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరితో మాట్లాడుతున్నారు? వాక్యంలో కర్త ఎవరు? కథకి వేసే ప్రశ్నలే పోస్టరుకీ వేస్తే ఏం తేలుతుందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా కర్త సంగతి. "అత్యాచారం జరిగింది", "హింసకు గురైన మహిళ", "వేధింపులు పెరుగుతున్నాయి". ఇవి మన వార్తల భాష, ప్రచారాల భాష కూడా. వాన పడింది, వరద వచ్చింది అన్నట్టుగా హింస జరుగుతుంది, పెరుగుతుంది. చేసేవాడు ఎక్కడా కనపడడు. కర్మణి ప్రయోగం తెలుగుకి సహజం కాదని మనం పిల్లలకి వ్యాకరణ పాఠం చెబుతాం. స్త్రీని కొట్టిన విషయం చెప్పాల్సి వచ్చేసరికి అదే మనకి అతి సహజం అయిపోతుంది. "భర్త కొట్టాడు" అన్న రెండు మాటల్లో కర్త ఉన్నాడు, క్రియ ఉంది, బాధ్యత ఉంది. "గృహహింసకు గురైంది" అనగానే ఆమె ఒక్కర్తే మిగులుతుంది.

కర్త పోయిన ఆ ఖాళీలోకి నెమ్మదిగా స్త్రీని తెచ్చి కూర్చోబెడతారు. "మౌనం వీడండి", "ధైర్యంగా ఫిర్యాదు చేయండి", "అప్రమత్తంగా ఉండండి". క్రియలన్నీ ఆమెవే. మాట్లాడాల్సిందీ, ధైర్యం తెచ్చుకోవాల్సిందీ, ఫోను చేయాల్సిందీ ఆమే. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో యువ పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి చంపేశారు. కొద్ది రోజులకే పోలీసులు స్త్రీలకు జాగ్రత్తల జాబితా విడుదల చేశారు. ఎక్కడికి వెళుతున్నారో ఇంట్లో చెప్పండి, మీరున్న చోటు వివరాలు పంపండి, జనం ఉన్నచోట నిలబడండి అన్న ధోరణిలో సాగింది ఆ జాబితా. దాని మీద విమర్శలూ వచ్చాయి. నాకు మాత్రం అందులోని వాక్యనిర్మాణమే కొట్టొచ్చినట్టు కనిపించింది. నేరం చేసింది మగవాళ్ళు, సూచనలన్నీ స్త్రీలకు. మగపిల్లల్ని సంబోధిస్తూ అలాంటి జాబితా ఒకటి రాయాలని ఎవరికీ తోచలేదు.

మగవాళ్ళని సంబోధించే నినాదాలు బొత్తిగా లేవని కాదు. ఉన్నాయి. అయితే అవి ఎక్కువగా ఒకటే బాణీలో ఉంటాయి. ఆమె నీ తల్లిలాంటిది, నీ అక్కలాంటిది, నీ చెల్లెలైతే ఊరుకుంటావా? పోటీకి వచ్చే నినాదాల్లో సగానికి సగం ఇవే. రాసేది ఆడపిల్లలే, మంచి ఉద్దేశంతోనే రాస్తారు. కానీ ఈ వాక్యం అడుగున ఒక షరతు ఉంది. ఎవరో ఒక మగవాడికి ఏదో ఒకటి అయితేనే ఆ స్త్రీకి రక్షణ. ఎవరికీ ఏమీ కానిదాని సంగతేమిటి? ఒంటరి స్త్రీ సంగతి, సెక్స్‌వర్కర్ సంగతి, కులం తక్కువని ఊరు దూరంగా పెట్టిన మనిషి సంగతి? పైగా తల్లీ, చెల్లీ, భార్యా అయి ఉన్నచోటే కదా దెబ్బలు పడుతున్నది! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పిన పెళ్ళయిన స్త్రీలు తెలంగాణలో సుమారు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. చుట్టరికం వాళ్ళని కాపాడలేదు.

ఇక్కడ పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ గుర్తు చేసుకోవాలి. ఇల్లు అలుక్కుంటూ అలుక్కుంటూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ అది. ఎవరిని అడిగినా ఆమె పేరు దొరకదు. ఒకరికి ఆమె భార్య, ఒకరికి అమ్మ, ఇంకొకరికి ఫలానావారి ఆవిడ. చివరికి చిన్ననాటి స్నేహితురాలు పేరు పెట్టి పిలిస్తే తను శారదనని గుర్తొస్తుంది. మన ప్రచారాలు ఆ కథని తిరగేసి రాస్తున్నాయి. శారదని శారదగా చూడమని చెప్పే బదులు ఇంకో నాలుగు చుట్టరికాలు అంటగట్టి, వాటిని చూసైనా ఆమెను కొట్టవద్దని బతిమాలుతున్నాయి. పేరున్న మనిషిని కొట్టకూడదు అనడానికి వేరే కారణం ఎందుకు కావాలి?

అదే సర్వేలో ఇంకొక భాగం ఉంది. దాన్ని నేను ఒక పాఠంగా, ఒక సాహిత్య శకలంగా చదువుతాను. భర్త భార్యని కొట్టడం సమంజసమేనా అని ఏడు సందర్భాలు చెప్పి అడుగుతారు. చెప్పకుండా బయటికి వెళితే, ఇంటినీ పిల్లల్నీ పట్టించుకోకపోతే, ఎదురు చెబితే, పక్కలోకి రానంటే, వంట సరిగ్గా చేయకపోతే, ఆమె నడత మీద అతనికి అనుమానం వస్తే, అత్తమామల్ని గౌరవించకపోతే. వీటిలో కనీసం ఒక్కదానికైనా అవునన్న స్త్రీలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ దాదాపు 84 శాతం. దేశం మొత్తం మీద 45 శాతం. ఈ అంకెలు వచ్చినప్పుడు టీవీ చర్చల్లో 'ఆడదానికి ఆడదే శత్రువు' అన్న పాత పాట మళ్ళీ వినిపించింది. స్త్రీలలోనే చైతన్యం లేదు, వాళ్ళకే అవగాహన కల్పించాలి అన్నారు.

నాకు అలా అనిపించదు. ఆ ఏడు సందర్భాలూ ఒక ఆడపిల్ల పుట్టిన దగ్గర్నుంచి వింటూ పెరిగిన నియమావళి. తన ఇంట్లో, తన వీధిలో దేనికి దెబ్బలు పడతాయో ఆమెకి బాగా తెలుసు. సర్వే చేసే మనిషి అడిగితే తనకు తెలిసిన చట్టాన్నే ఒప్పజెప్పింది. కొడితే బాగుంటుందని చెప్పడం వేరు, కొట్టడానికి లోకం ఒప్పుకునే కారణాలు ఇవని చెప్పడం వేరు. ఆ జవాబుని ఆమె అజ్ఞానంగా చదివితే ప్రచారం ఆమెకి పాఠం చెప్పడానికి బయల్దేరుతుంది. ఆ చుట్టూ ఉన్నవాళ్ళ తీర్పుగా చదివితే ప్రచారం వెళ్ళాల్సిన ఇల్లు మారిపోతుంది.

ఆ తీర్పు ఎలా పనిచేస్తుందో మన సామెతకి ఏ సర్వేకన్నా ముందే తెలుసు. "మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట." ఈ సామెతని ఎప్పుడూ ఆడవాళ్ళని వెక్కిరించడానికే వాడతారు. విమర్శకురాలిగా చదివితే ఇందులో ఒక సామాజిక శాస్త్రమే ఉంది. మొగుడు కొట్టడం ఇక్కడ వార్త కాదు, అది మామూలు. ఆమెను ఏడిపించింది చూసినవాళ్ళ నవ్వు. అంటే హింసకి ప్రేక్షకులు ఉన్నారు, ఆ ప్రేక్షకులు కొట్టినవాడి పక్షాన ఉన్నారు. 'ఇంటి గుట్టు లంకకు చేటు' అన్న సామెతని దీని పక్కన పెట్టి చూడండి. బయటికి చెబితే ఇల్లు కూలుతుంది, చెప్పకపోయినా తెలిసి నవ్వుతారు. అదే సర్వేలో, దేశం మొత్తం మీద శారీరక, లైంగిక హింస అనుభవించిన స్త్రీలలో 77 శాతం ఎవరికీ చెప్పుకోలేదు, సాయమూ అడగలేదు. సాయం అడిగినవాళ్ళు 14 శాతమే. 'మౌనం వీడండి' అన్న ఫ్లెక్సీకి ఈ లెక్క తెలియదు. మౌనం ఆమె స్వభావం అనుకుంటోంది. ఆ మౌనాన్ని ఊరంతా కలిసి కాపలా కాస్తోందని గుర్తించడం లేదు.

ఒక జిల్లా కేంద్రంలోని కాలేజీలో ఇలాంటి సభకి వెళ్ళాను. అధికారులు మాట్లాడారు, చట్టాల గురించి చెప్పారు, 181 నంబరు రాసిన కరపత్రాలు పంచారు. సభ అయిపోయాక కుర్చీలు సర్దుతున్న ఒకామె ఆ కాగితం చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "నంబరు ఇచ్చిన్రు, మంచిగనే ఉంది మేడం. ఫోన్ ఆయన తాననే ఉంటది కద. నేనెట్ల చెయ్యాలె?" అని అడిగింది. తను స్వయంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్న స్త్రీలు దేశంలో 54 శాతమేనని ఆ సర్వేలోనే ఉంది. ఆ అంకె ఆమె ప్రశ్న ముందు చిన్నబోయింది. ఆ కరపత్రాన్ని ఇన్ని వందల మంది చదివితే, అందులోని కథలో పాత్రకి ఫోను ఉందా అని అడిగిన ఏకైక విమర్శకురాలు ఆమె. ఆమె పక్కింటివాళ్ళకి ఫోను ఉంది. వాళ్ళని ఆ సభకి ఎవరూ పిలవలేదు. పిలిచి ఉంటే ఏం చెప్పాలో మాత్రం చట్టంలోనే ఉంది. 2005 గృహహింస చట్టం 4వ సెక్షన్ ప్రకారం హింస జరుగుతోందనో, జరగబోతోందనో నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా రక్షణాధికారికి తెలియజేయవచ్చు. సదుద్దేశంతో చెప్పినవాళ్ళ మీద ఆ కారణంగా సివిల్, క్రిమినల్ బాధ్యత ఏదీ ఉండదు. చట్టం తోటికోడలికీ పక్కింటివాడికీ ఒక క్రియని ఇచ్చింది. నేను చదివిన నినాదాల్లో ఆ క్రియ ఒక్కసారి కూడా కనపడలేదు.

ఆ క్రియని పట్టుకున్న ప్రచారం ఒకటి ఉంది. బ్రేక్‌త్రూ అనే సంస్థ 2008లో మొదలుపెట్టిన 'బెల్ బజావో'. ఆ చిన్న చిత్రాల కథ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక ఇంట్లోంచి అరుపులు, దెబ్బల చప్పుడు వినిపిస్తాయి. బయట ఉన్న మగవాడు కాసేపు తటపటాయించి, వెళ్ళి గంట కొడతాడు. తలుపు తెరిచినవాడిని కాసిని పాలు ఉన్నాయా అని అడుగుతాడు. ఇంకో చిత్రంలో ఆడుకుంటున్న పిల్లలు బంతి కోసం వచ్చామంటారు. ఉపన్యాసం లేదు, కొట్లాట లేదు. వాయిపోయిన మొహాన్ని చూపించి జాలి పుట్టించే పని కూడా పెట్టుకోలేదు. కథాంశంగా చూస్తే చాలా తెలివైన ఎంపిక ఇది. వాక్యంలో కర్త మారాడు. విన్నవాడు ఇప్పుడు ఏదో ఒకటి చేయాలి. లోపల కొడుతున్నవాడికి 'మాకు వినపడుతోంది' అన్న సంగతి అందింది. నవ్వే తోటికోడలు ఉండాల్సిన చోట గంట మోగింది.

దీని పరిమితి కూడా ఆ గంటలోనే ఉంది. తలుపు మూసుకున్నాక ఏమవుతుంది? పాలు తీసుకుని పక్కింటాయన వెళ్ళిపోయాక ఆ రాత్రి ఆమె ఎలా గడిపిందో చిత్రం చెప్పదు. నిమిషం పట్టే కథ అంతకన్నా చెప్పలేదు కూడా. పైగా గంట ఉన్న తలుపు, ఆ తలుపు కొట్టగలిగే సాటి హోదా ఉన్న పక్కింటివాడు, ఇది మధ్యతరగతి అపార్టుమెంటు లోకం. కూలికి వెళ్ళే స్త్రీ గుడిసెకి గంట ఉండదు. కొట్టేవాడు పెద్దకులంవాడై, విన్నవాడు అతని పొలంలో పనిచేసేవాడైతే ఆ చెయ్యి గంట దాకా లేస్తుందా?

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటే మన దగ్గరే నెల్లూరు జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. కళాజాతాలు ఊరూరా తిరిగాయి. రాత్రిబడుల్లో చదివిన వాచకాల్లో సారా వల్ల ఇళ్ళు ఎలా నాశనం అవుతున్నాయో పాఠాలుగా ఉన్నాయి. దూబగుంట స్త్రీలు, వారిలో రోశమ్మ ముందుండి, తమ ఊళ్ళో సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఊరి కథే తర్వాతి వాచకంలో పాఠమైంది. దాన్ని చదివి, విని, వేరే ఊళ్ళ స్త్రీలు తమ ఊళ్ళోనూ ఆ పని చేశారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి.

సాహిత్య విద్యార్థినిగా నన్ను ఇందులో ఆకట్టుకునేది చదువరులు రచయిత్రులైపోవడం. పాఠం వాళ్ళని బాధితులుగా సంబోధించి ఆగిపోలేదు. వాళ్ళు పాఠాన్ని ముగించకుండా కొనసాగించారు, కొత్త పాఠం తయారుచేశారు. ఒక్కర్తే ఒక తలుపు కొట్టాల్సిన అవసరం రాలేదు, ఊరి ఆడవాళ్ళంతా ఒక్కటై దుకాణం ముందు నిలబడ్డారు. వాళ్ళలో దళిత స్త్రీలు, వెనుకబడిన కులాల స్త్రీలు ఎందరో ఉన్నారు. అయితే ఈ ఉద్యమాన్ని కీర్తించి వదిలేయడం కూడా మంచి విమర్శ కాదు. సారాని కర్తగా నిలబెట్టడంలో ఒక సౌకర్యం ఉంది. 'తాగి కొట్టాడు' అనగానే నేరం సీసాలోకి వెళ్ళిపోతుంది. తాగకుండా కొట్టేవాడి గురించి ఆ వాక్యం ఏమీ చెప్పదు. ప్రభుత్వాలకీ ఆ వాక్యం అర్థమైంది కాబట్టే దుకాణం మూశాయి, 1997లో నిషేధాన్ని సడలించి మళ్ళీ తెరిచాయి. ఇంట్లో అధికారం ఎవరిది అన్న ప్రశ్న దుకాణం తలుపులతో పాటు తెరుచుకోలేదు, మూసుకోలేదు.

ఆ ప్రశ్న దగ్గరే మొదలైన ప్రచారం ఉగాండాలో జరిగింది. ప్రచారాల వల్ల హింస నిజంగా తగ్గుతుందా అని సందేహించేవాళ్ళు దీన్ని చూడాలి. రైజింగ్ వాయిసెస్ అనే సంస్థ రూపొందించిన ఆ కార్యక్రమం పేరు 'సాసా'. స్వాహిలీ భాషలో 'ఇప్పుడు' అని అర్థం. వాళ్ళు మొదట హింస గురించి మాట్లాడరు, అధికారం గురించి మాట్లాడతారు. నీ మీద ఎవరికి అధికారం ఉంది, నువ్వు ఎవరి మీద చూపిస్తున్నావు, ఇంకొకరితో కలిసి నీకు ఏ బలం వస్తుంది అని. మాట్లాడేది బయటి ఉపన్యాసకులు కాదు, అదే బస్తీలో ఉండే ఆడవాళ్ళూ మగవాళ్ళూ. ఇరుగుపొరుగుతో, దుకాణాల దగ్గర, చర్చిలో, పోలీసులతో, ఆరోగ్య కార్యకర్తలతో, పదహారు రోజులు కాదు, ఏళ్ళ తరబడి మాట్లాడారు. కంపాలాలోని ఎనిమిది బస్తీల్లో దీన్ని పరీక్షించారు, నాలుగింట్లో కార్యక్రమం నడిపి, నాలుగింట్లో నడపకుండా. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం కార్యక్రమం నడిచిన బస్తీల్లో గడచిన ఏడాదిలో భాగస్వామి చేతిలో శారీరక హింస మిగతా బస్తీలకన్నా 52 శాతం తక్కువగా కనిపించింది. ఎనిమిది బస్తీల లెక్క కాబట్టి ఆ అంకెని జాగ్రత్తగానే తీసుకోవాలి. అయినా ఒక సంగతి స్పష్టం. అక్కడ సంబోధన మారింది, కాలం మారింది. దెబ్బలు తినే స్త్రీకి ఒకసారి చెప్పడం పోయి, ఆమె చుట్టూ ఉన్నవాళ్ళతో మళ్ళీ మళ్ళీ మాట్లాడటం వచ్చింది.

మనకిది కొత్త కాదు. తెలుగు సాహిత్యంలో ప్రచారానికి పెద్ద వారసత్వమే ఉంది. 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శనకి ఎక్కింది, 1897లో అచ్చయింది. విశాఖ జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా తీయిస్తే 1,034 తేలాయని ముందుమాటలో గురజాడ చెప్పారు. లెక్క చేతిలో ఉన్నా, ఆయన ఆ అమ్ముడుపోయిన పిల్లలకి 'మౌనం వీడండి' అని ఉపదేశించలేదు. చూసేవాళ్ళ నవ్వుని లుబ్ధావధాన్లు మీదికి, అగ్నిహోత్రావధాన్లు మీదికి తిప్పారు. ప్రేక్షకులు నవ్వుతూ నవ్వుతూ తమ వీధిలో పెద్దమనుషులనిపించుకునేవాళ్ళని చూశారు. సామెతలో కొట్టించుకున్నదాన్ని చూసి నవ్విన నవ్వు ఈ నాటకంలో కొనుక్కున్నవాడి మీద, అమ్ముకున్నవాడి మీద పడింది. ప్రచారం చేయగలిగిన అతి పెద్ద పని ఇదే అనుకుంటాను. సిగ్గు ఉండాల్సిన చోటికి సిగ్గుని చేర్చడం.

మనలో చాలామందిమి రాసేవాళ్ళం, పాఠాలు చెప్పేవాళ్ళం. పదహారు రోజుల సభలకి నాటిక రాసిపెట్టమనో, కరపత్రం దిద్దమనో మన దగ్గరికే వస్తారు. కాదనకుండా రాద్దాం. రాసేముందు ఆ కాగితాన్ని మన పక్కన కుర్చీలు సర్దే ఆమెకి ఒకసారి చూపిద్దాం. ఇందులో కొట్టినవాడు ఎక్కడున్నాడు? విన్నవాళ్ళు ఏం చేశారు? శారదని శారద అని పిలిచామా, ఎవరికో చెల్లెల్ని చేశామా? ఆ రాత్రి గంట కొట్టి వెళ్ళిపోయిన పక్కింటివాళ్ళు మర్నాడు మళ్ళీ వచ్చారా? డిసెంబరు 11 ఉదయం ఆ ఫ్లెక్సీ తీసేశాక ఆ వీధిలో ఎవరు మాట్లాడుతూ ఉంటారు?

ఈసారి నినాదాల పోటీకి పిలిస్తే నిర్వాహకులకి ఒక మాట చెప్పాలనుకుంటున్నాను. ఆడపిల్లలతో పాటు మగపిల్లల్నీ కూర్చోబెట్టండి. అంశం 'స్త్రీల భద్రత' అని కాకుండా, 'మా పక్కింట్లో దెబ్బల చప్పుడు విన్నప్పుడు నేను' అని ఇవ్వండి. ఉత్తమ పురుషలో, కర్త ఉన్న ఒక్క పూర్తి వాక్యం రాయమనండి. బహుమతి ఎవరికి ఇవ్వాలన్నది తరవాత చూసుకోవచ్చు. ముందు ఆ వాక్యాలన్నీ పైకి చదివి, ఆ గదిలో కూర్చుని మాట్లాడుకుందాం.